పేలని తూటా చెప్పే మాట

కాలేజీ రోజుల్లో నేను ఎన్‌సీసీ కేడెట్‌ని. మొదటి క్యాంపులో ఒక చలికాలపు ఉదయం, మంచు ఇంకా విడకముందే మమ్మల్ని ఫైరింగ్ రేంజికి నడిపించారు. నేలమీద పరిచిన పట్టామీద బోర్లా పడుకున్నాను. పాయింట్ టూటూ రైఫిల్‌ని భుజానికి ఆనించి, ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాను. ‘టక్’మంది. అంతే. పేలుడు లేదు, భుజానికి కుదుపు లేదు. ఏమైందో చూద్దామని తలెత్తి రైఫిల్‌ని పక్కకు తిప్పబోయాను.

“కదలకు! గొట్టం టార్గెట్ వైపే ఉండాలి!” వెనకనుంచి ఉస్తాద్ కేక.

ఎన్‌సీసీలో తుపాకీ నేర్పే హవల్దారుగారిని మేమందరం ఉస్తాద్ అనే పిలిచేవాళ్లం. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి. వచ్చి నా పక్కన మోకాలిమీద కూర్చున్నారు. నా వేలిని ట్రిగ్గర్ మీదనుంచి తీయించారు. చేతి గడియారం చూసుకుంటూ అర నిమిషం పైనే ఆగారు. ఆ తరవాత బోల్టు మెల్లగా వెనక్కి లాగి తూటాని బయటికి తీశారు. దాని అడుగుభాగాన్ని వెలుగులో తిప్పి చూశారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, తూటాల డబ్బామీద ఉన్న నంబరు చూసి అందులో రాసుకున్నారు.

“పేలనిదే కదా ఉస్తాద్, పారేస్తే పోదా?” అన్నాను.

“ఇదొక్కటే అయితే పారేద్దును బాబూ. దీనితో కలిసి పుట్టినవి ఇంకెన్నో ఉంటాయి. అవి ఎవరి చేతిలో ఉన్నాయో మనకు తెలీదు కదా” అన్నారాయన.

ఆ మాటలో ఎంత ఉందో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈరోజు మీతో పంచుకోవాలనుకున్నది ఆ మాటనే.

ముందు ఆ అర నిమిషం సంగతి చెబుతాను. దీపావళినాడు మన ఇళ్లల్లో చూసేదే ఇది. వత్తి కాలింది, బాంబు పేలలేదు. పిల్లలు పరిగెత్తబోతారు. పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని ఆపుతారు. దగ్గరికి వెళ్లొద్దు, వంగి చూడొద్దు, మళ్లీ అంటించొద్దు, కాసేపాగి నీళ్లు పొయ్యండి అంటారు. వత్తి ఆరిపోయిందా, లోపల ఇంకా రాజుతోందా అన్నది బయటికి తెలియదు. తూటా విషయంలోనూ అంతే. లోపల నిప్పు అంటుకోవడం ఆలస్యమై, ఒక్క క్షణం ఆగి పేలేవి ఉంటాయి. అందుకే గొట్టం మనుషులు లేని వైపు పెట్టి, కనీసం అర నిమిషం ఆగి, ఆ తరవాతే బోల్టు తీయాలన్న నియమం పెట్టారు. ఒకవేళ ఆలస్యంగా పేలినా గుండు మట్టికట్టలోకే పోవాలి, ఇత్తడి ముక్క మొహంమీదికి రాకూడదు.

అసలు పేలనిది, ఆలస్యంగా పేలేది కాక మూడో రకం ఒకటుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది అదే. ట్రిగ్గర్ నొక్కితే చప్పుడు వస్తుంది గాని మామూలు చప్పుడు కాదు, ‘తుస్సు’మంటుంది. కుదుపు తక్కువగా ఉంటుంది. తూటాలో మందు తక్కువ పడిందో, అసలు పడలేదో, నిప్పురవ్వ బలంతో గుండు గొట్టంలోకి కొంతదూరం వెళ్లి మధ్యలో ఇరుక్కుంది. పేలింది కదా అనుకుని రెండోది కాల్చారా, ముందు గుండు అడ్డుపడి గొట్టమే చీలిపోవచ్చు. చప్పుడు తేడాగా ఉంటే అక్కడితో ఆగిపోవాలి. ఖాళీ చేసి, గొట్టం నిండా వెలుతురు కనిపిస్తోందని రూఢి చేసుకునేదాకా ఆ ఆయుధాన్ని మళ్లీ కాల్చకూడదు. లైసెన్సు తుపాకీ ఉన్న రైతుకైనా, పోలీసు కానిస్టేబుల్‌కైనా, రేంజిలో సాధన చేసే పిల్లలకైనా నియమం ఇదే.

ఇక ఉస్తాద్ తూటా అడుగుని వెలుగులో తిప్పి ఏం చూశారు?

తూటాలో ఉండేవి నాలుగే వస్తువులు. ఇత్తడి గొట్టం, దాని మూతిలో బిగించిన గుండు, లోపల మందు, అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్. పెద్ద తూటాల్లో ఈ ప్రైమర్ చిన్న బొత్తాంలా అడుగున నట్టనడుమ ఉంటుంది. పాయింట్ టూటూ తూటాలో బొత్తాం ఉండదు. అడుగున ఉబ్బెత్తుగా ఉన్న అంచు లోపలే ఆ ప్రైమర్ మందు ఉంటుంది. ఫ్యాక్టరీలో తడి ముద్దగా కొద్దిగా వేసి, గిర్రున తిప్పి, అంచంతా సమంగా పరుచుకునేలా చేసి ఆరబెడతారు. ఎక్కడైనా ఒకచోట అది పరుచుకోకపోతే, సరిగ్గా అక్కడే రైఫిల్ సూది కొడితే, నిప్పు పుట్టదు. అదే తూటాని కాస్త తిప్పి పెట్టి అంచులో మరోచోట కొడితే పేలిపోవచ్చు.

ఉస్తాద్ వెతికింది సూది కొట్టిన గుర్తు. గుర్తు లోతుగా ఉండీ పేలకపోతే తప్పు తూటాది. గుర్తు పైపైన గీరినట్టు ఉంటే తప్పు రైఫిల్‌ది. స్ప్రింగు బలహీనపడి ఉండవచ్చు, సూది అరిగి ఉండవచ్చు, చలికి గ్రీజు గడ్డకట్టి ఉండవచ్చు. నిందవేసే ముందు గుర్తు చూడాలి. వైద్యుడు నాడి పట్టి చూడడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

తప్పు తూటాదే అయినా అది ఫ్యాక్టరీలోనే పుట్టిందనుకోవడానికి లేదు. దారిలో పుట్టవచ్చు, నిలవలో పుట్టవచ్చు. ఇందుకు మన దేశంలోనే జరిగిన ఉదాహరణ ఉంది.

బ్రిటిష్ వారి కాలంలో ఇక్కడి సైన్యానికి ఒక వింత సమస్య వచ్చింది. ఫ్యాక్టరీలో బాగున్న ఇత్తడి తూటాలు వానాకాలం గడిచాక చూస్తే పగుళ్లిచ్చి ఉండేవి. ఎవరూ వాటిని కొట్టలేదు, కాల్చలేదు. నిలవ ఉంచినవి ఉంచినట్టే పగిలాయి. వర్షరుతువులో వస్తోంది కాబట్టి దీనికి ‘సీజన్ క్రాకింగ్’ అని పేరు పెట్టారు. అసలు కారణం 1921 నాటికి గాని తేలలేదు. వానలప్పుడు తూటాలను గుర్రాలశాలల్లో భద్రపరిచేవారు. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఆవిరి, తేమతో కలిసి, ఇత్తడిని తినేస్తోంది.

అయితే అమ్మోనియా ఒక్కటే దోషి కాదు. తూటా గొట్టాన్ని చల్లని ఇత్తడి రేకునుంచి బలవంతంగా సాగదీసి తయారుచేస్తారు. అలా సాగినప్పుడు లోహం లోపల ఒక బిగువు మిగిలిపోతుంది. ఆ బిగువు ఉన్నచోటే అమ్మోనియా పగులు తెచ్చింది. విరుగుడు ఏమిటంటే, తయారైన గొట్టాన్ని తక్కువ సెగమీద వేడిచేసి ఆ బిగువు తీసేయడం. ఇది మన కంచరి పనివాళ్లకు తరతరాలుగా తెలిసిన విద్య. పెంబర్తిలో ఇత్తడి రేకుని సుత్తితో సాగగొట్టేవాళ్లని చూడండి. కొంతసేపు కొడతారు, రేకు మొండికెయ్యగానే నిప్పులమీద పెట్టి మెత్తబరుస్తారు, మళ్లీ కొడతారు. ఆపకుండా కొడుతూ పోతే రేకు చీలుతుందని వాళ్ల చేతికి తెలుసు.

ఆ పగుళ్లలో తప్పు ఎవరిది? ఫ్యాక్టరీది సగం, గిడ్డంగిది సగం. ఒకరు బిగువు తియ్యలేదు, ఇంకొకరు గుర్రాలపక్కన పెట్టారు. విడివిడిగా చూస్తే ఎవరి పనిలోనూ లోపం కనిపించలేదు. రెండూ కలిసినచోట తూటా పగిలింది.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. బిందె కొంటే నీళ్లు పోసి చూస్తాం. చీర కొంటే విప్పి చూస్తాం. తూటాని ఎలా చూడాలి? అది పేలుతుందో లేదో తెలియాలంటే కాల్చాలి. కాలిస్తే అది ఇక లేదు. పరీక్ష నెగ్గిన తూటా ఒక్కటీ సిపాయి చేతికి రాదు. అతని చేతికి వచ్చేవన్నీ పరీక్ష చెయ్యనివే. తోటి తూటాలు నెగ్గాయి కాబట్టి ఇదీ నెగ్గుతుందన్న నమ్మకం మీదే అతను దాన్ని తుపాకీలో పెడుతున్నాడు.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. ఆ మాట నిజం కావడానికి కారణం ఉంది. కుండలో బియ్యం అంతా ఒకే రకం, ఒకే నీళ్లు, ఒకే మంట. రెండు కుండల అన్నం కలిపేసి ఒక మెతుకు పట్టుకుంటే ఏమీ తెలియదు. తూటాల్లో ఈ ఒక్క కుండనే ‘లాటు’ అంటారు. ఒకే రకం ఇత్తడి, ఒకే మందు, ఒకే యంత్రం, ఒకే వరుసలో తయారైనవి ఒక లాటు. దానికో నంబరు. ఉస్తాద్ డబ్బామీద చూసి రాసుకున్నది ఆ నంబరునే. తూటాలను డబ్బాలోంచి తీసి సంచుల్లో కలిపేసినవాడు రెండు కుండల అన్నం కలిపేసినట్టే. రేపు ఒకటి పేలకపోతే దాని తోడబుట్టినవి ఏవో ఎవరూ చెప్పలేరు.

తూటాతో పోటీలకు దిగేవాళ్లకు ఇది బాగా తెలుసు. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడేది ఈ పాయింట్ టూటూ తూటానే. ఆ స్థాయి క్రీడాకారులు ఒకే కంపెనీ తూటాల్లో కూడా వేర్వేరు లాట్లను తమ తుపాకీలో కాల్చి చూసుకుని, నప్పిన లాటునే ఎక్కువగా కొనిపెట్టుకుంటారు.

మరి ఒక లాటులో ఎన్ని మెతుకులు పట్టి చూడాలి? రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో ఈ ప్రశ్న పెద్ద గణితశాస్త్రానికే దారితీసింది. మందుగుండు పరీక్షలకు వేలకొద్దీ గుళ్లు ఖర్చవుతుంటే, ఒక నౌకాదళ అధికారి ఒక మాటన్నారు. అనుభవమున్న అధికారి అక్కడే నిలబడి చూస్తే మొదటి కొన్ని పేల్చగానే ఈ లాటు మంచిదో చెడ్డదో చెప్పేస్తాడు, అన్నీ కాల్చక్కర్లేదు అని. 1943లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న గణాంక బృందం ఆ మాటని తీసుకెళ్లి ఆబ్రహాం వాల్డ్ అనే గణితవేత్త ముందు పెట్టింది. వాల్డ్ యూదుడు, 1938లో వియన్నా విడిచి అమెరికా చేరినవాడు. ఒక్కొక్క ఫలితాన్నీ చూసుకుంటూ, ‘తీసుకో’, ‘తిప్పికొట్టు’, ‘ఇంకొకటి పరీక్షించు’ అన్న మూడు తీర్పుల్లో ఒకటి ఇచ్చే పద్ధతికి ఆయన గణితం కట్టారు. అదే సీక్వెన్షియల్ అనాలిసిస్. అనుభవజ్ఞుడి కన్నుకి లెక్క దొరికింది.

ఆ వాల్డ్ జీవితం మన నేలమీదే ముగిసింది. ఉపన్యాసాలివ్వడానికి భారతదేశం వచ్చి, 1950 డిసెంబరులో నీలగిరి కొండల్లో జరిగిన విమాన ప్రమాదంలో భార్యతో సహా మరణించారు. మన తెలుగువాడు, గణాంకవేత్త సి. ఆర్. రావుగారు చాలా ఏళ్లు పనిచేసిన భారత గణాంక సంస్థ, ఈ నాణ్యతా గణితాన్ని మన ఫ్యాక్టరీల్లోకి తీసుకెళ్లడానికి ఎంతో శ్రమపడింది.

అయితే లెక్క ఎంత గొప్పదైనా దానికో హద్దుంది. ఒక లాటులో వెయ్యికి ఒకటి చెడ్డది ఉందనుకోండి. అందులోంచి వంద తీసి కాల్చి చూశాం. పదింట తొమ్మిదిసార్లు ఆ వందలో ఒక్క చెడ్డదీ దొరకదు. పరీక్షకుడు నిజాయతీగా ‘బాగుంది’ అని సంతకం పెడతాడు. ఆ చెడ్డ తూటా ఎక్కడో ఎవరికో ఎదురవుతుంది. ఆ మనిషే ఆఖరి పరీక్షకుడు. అతని మాట ఫ్యాక్టరీదాకా వెనక్కి నడిచి వెళ్తేనే పరీక్ష పూర్తయినట్టు.

ఆ మాట వెనక్కి వెళ్లకపోతే, వెళ్లినా వినకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క చరిత్ర చాలు. అది తూటాది కాదు, సముద్రం అడుగున పరిగెత్తే టార్పిడోది.

1941 డిసెంబరులో అమెరికా యుద్ధంలోకి దిగినప్పుడు వారి జలాంతర్గాముల ముఖ్య ఆయుధం మార్క్ 14 టార్పిడో. ఒక్కోదాని ఖరీదు సుమారు 10,000 డాలర్లు. అంతకుముందు దశాబ్దమంతా ఆర్థికమాంద్యం. అంత ఖరీదైన వస్తువుని పేల్చి చూడడానికి చేతులు రాలేదు. మందు బదులు ఉత్త బరువు నింపిన తలలతో పరుగులు పెట్టించి, అవి అసలు వాటికంటే తేలికగా ఉన్నా, బాగానే ఉన్నాయనుకున్నారు.

యుద్ధంలో ఒక్కొక్క కెప్టెనూ తిరిగి వచ్చి అదే మాట చెప్పాడు. గురి సరిగ్గా పెట్టాం, ఓడ కిందనుంచి వెళ్లిపోయింది, లేదా ముందే పేలింది, లేదా తగిలీ పేలలేదు అని. తయారుచేసిన విభాగం ఏమంది? మీకే గురి కుదరలేదంది.

1942 జూన్‌లో, పడమటి ఆస్ట్రేలియాలో చార్లెస్ లాక్‌వుడ్ అనే అధికారి ఒక పని చేశారు. చేపల వల కొనితెప్పించి సముద్రంలో కట్టించారు. పది అడుగుల లోతున పోవాలని అమర్చిన టార్పిడోని వలమీదికి వదిలించారు. చిల్లు 25 అడుగుల లోతున పడింది. అంత ఖరీదైన ఆయుధం అబద్ధాన్ని జాలరి వల బయటపెట్టింది. లోతు సరిచేశారు. అప్పుడు రెండో లోపం కనిపించింది. ఓడ అయస్కాంత బలానికి పేలవలసిన యంత్రం ముందే పేలిపోతోంది. 1943 జూన్‌లో దాన్ని ఆపేయమని పసిఫిక్ నౌకాదళ సేనాని నిమిట్జ్ ఆదేశించారు. అప్పుడు మూడోది బయటపడింది.

1943 జూలై 24. టినోసా అనే జలాంతర్గామి ఒక పెద్ద జపాన్ ఓడని ఆపగలిగింది. కదలని ఓడ, సరైన దూరం, నిటారు కోణం. కెప్టెన్ డాస్పిట్ ఒక్కొక్కటే జాగ్రత్తగా వదిలి, ప్రతిదీ లెక్క రాసుకున్నారు. తగిలిన శబ్దం వినిపిస్తోంది, పేలుడు లేదు. మళ్లీ అదే, మళ్లీ అదే. చివరికి మిగిలిన ఒక్క టార్పిడోని ఆయన వదల్లేదు. విప్పి చూడడానికని పెర్ల్ హార్బర్‌కి వెనక్కి తెచ్చారు.

ఆ తరవాత అలాంటి టార్పిడోలనే కొండ అంచుకి కొట్టించి చూశారు. క్రేనుతో 90 అడుగుల ఎత్తునుంచి ఉక్కు పలకమీదికి జారవిడిచి చూశారు. నిటారుగా పడినవి పదింటిలో ఏడు పేలలేదు. పాత, నెమ్మది టార్పిడోలకు సరిపోయిన సూది, 46 నాట్ల వేగంతో ఎదురుగా గుద్దుకున్నప్పుడు తన దారిలో తానే ఇరుక్కుపోతోంది. గురి ఎంత చక్కగా కుదిరితే అంత తప్పకుండా విఫలమయ్యేది. గురి చెడ్డవాడిదే ఒక్కోసారి పేలేది! మంచి పనివాణ్ణి శిక్షించే లోపం అది. తేలికైన సూది చేశాక బాగుపడింది. అప్పటికి యుద్ధం మొదలై 20 నెలలు దాటింది.

ఆ మూడు లోపాలూ కష్టమైనవి కావు. వల, క్రేను, తేలిక సూది చాలాయి. పోయినదంతా, చెప్పినవాణ్ణి నమ్మకపోవడం వల్ల పోయింది. తూటా పేలకపోతే మొదట కాల్చినవాడివైపు వేలెత్తడం ఏ దేశంలోనైనా సులువైన దారి. అతను దూరంగా ఉంటాడు, చిన్న ఉద్యోగి, చేతిలో రుజువు ఉండదు. రుజువు కూడా పేలకుండా మిగిలిన ఆ వస్తువే. అందుకే డాస్పిట్ ఆ ఒక్కదాన్నీ వెనక్కి తెచ్చారు. అందుకే మా ఉస్తాద్ నంబరు రాసుకున్నారు.

ఈ విషయం మన రాష్ట్రాలకు దూరం కాదు. విశాఖపట్నంలో 1969 నుంచి నౌకాదళ పరిశోధనశాల టార్పిడోలమీద పనిచేస్తోంది. అక్కడి భారత్ డైనమిక్స్ ఫ్యాక్టరీలో వరుణాస్త్ర టార్పిడో తయారవుతోంది. 2021 అక్టోబరు 1న పాత ఆయుధ కర్మాగారాల బోర్డు రద్దయి, దేశంలోని 41 ఫ్యాక్టరీలు ఏడు కంపెనీల కిందికి వెళ్లాయి. ప్రైవేటు సంస్థలూ ఈ రంగంలోకి వస్తున్నాయి. ఈ ఫ్యాక్టరీల్లో మన పిల్లలు పనిచేస్తున్నారు, ఆ ఆయుధాలు పట్టుకునే వాళ్లలోనూ మన పిల్లలున్నారు. నాణ్యత అంటే ఈ ఇద్దరి మధ్య నడిచే ఉత్తరం.

ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. నెలాఖరు లెక్కకోసం ఒక పరీక్ష దాటవేయాలనిపించినప్పుడు సోమ్ యుద్ధాన్ని తలుచుకోండి. 1916లో ఫ్రాన్సులో ఆ దాడికి ముందు బ్రిటన్ ఏడు రోజుల్లో దాదాపు 15 లక్షల ఫిరంగి గుళ్లు కురిపించింది. కొరతని తీర్చాలన్న తొందరలో తయారైన వాటిలో ఎన్నో పేలలేదు. తెగుతుందనుకున్న ముళ్లకంచె చాలాచోట్ల తెగలేదు. దానికి చిక్కుకుని కుర్రవాళ్లు చనిపోయారు. వందేళ్లు దాటినా అక్కడి రైతుల నాగళ్లకు ఆ గుళ్లు ఇప్పటికీ తగులుతున్నాయి.

వాడేవాళ్లకు ఒక మాట. పేలని తూటాని విసిరేయకండి, విప్పి చూడకండి, పొడిగా, ఎండకి దూరంగా, డబ్బాతో సహా వేరుగా ఉంచి, నంబరు రాసి, ఇచ్చినవారికి తిరిగి అప్పగించండి. ఒక్కటే కదా అనుకోకండి.

ఆ ఫిర్యాదు అందుకునే బల్లవెనక కూర్చున్నవారికి ఆఖరిమాట. ముందు ఆ కాగితం రాసినవాణ్ణి నమ్మండి, తరవాత పరీక్షించండి. తప్పు అతని తుపాకీదే అయితే సూది గుర్తు చూస్తే తెలిసిపోతుంది. అతను చెప్పింది నిజమైతే, ఆ నంబరు ఉన్న డబ్బాలన్నీ ఆ సాయంత్రానికల్లా పక్కకు తీయించే అధికారం మీ చేతిలో ఉంది.

నేను కాల్చిన ఆ లాటు సంగతి ఏమైందో నాకు తెలీదు. కాని మర్నాడు పొద్దున రేంజికి వెళ్లేసరికి అక్కడున్నవి వేరే డబ్బాలు. వాటిమీద వేరే నంబరు. ఉస్తాద్ నావైపు చూసి, “పడుకో, కాల్చు” అన్నారు. అయిదు తూటాలూ పేలాయి.